ప్రింటరుగారి తలంటు

కొత్తగా పెళ్లయిన ప్రతి జంటకూ ఒక ఇంక్‌జెట్ ప్రింటరు ఉండి తీరాలి. అరుంధతీ నక్షత్రం చూపించకపోయినా ఫర్వాలేదు. అది ఎలాగూ కనపడదు. పురోహితుడు వేలు చూపించినవైపు చూసి, కనపడిందని తలూపి వచ్చేస్తాం. ప్రింటరు అలా కాదు. అది కనపడుతుంది, వినపడుతుంది, ఎర్రలైటు ఆర్పి వెలిగించి మరీ పిలుస్తుంది!

నవ్వకండి. నేను బీయస్సీ కంప్యూటర్స్ చదివినదాన్ని. పెళ్లయి రెండున్నర నెలలైనదాన్ని. ఈ రెండు అర్హతలూ ఒక్క మనిషిలో కలిసి ఉన్నప్పుడు ఆ మనిషి మాటకు కాస్త విలువ ఇవ్వాలి.

గిట్టనివాళ్లు ఎక్కడైనా ఉంటారు. మా విషయంలో ఆ గిట్టనివాళ్లు కలిదిండిలో ఉంటారు. స్వయానా మా అమ్మ మంగతాయారు. ఈ ప్రింటరు వల్ల కొత్తల్లుడు మొదటి దీపావళికి అత్తారింటికి రాడేమో, తన చేత్తో తలంటు పోయించుకోడేమో అని ఆవిడ దిగులు. ఆ దిగులు ఎంత అర్థం లేనిదో ఈ వ్యాసంలో నిరూపిస్తాను.

మాది తాడేపల్లిగూడెం. అంటే మా అత్తవారిది. ముందు ఉల్లిపాయల హోల్‌సేలు కొట్టు, వెనక ఇల్లు. కొట్టు మీద మేడగదిలో మిత్ర కంప్యూటర్ క్లబ్బు ఉంది. దానికి మా ఆయన దుర్గేష్ కార్యదర్శి. అధ్యక్షులు అచ్యుతరావు గారు, రిటైరైన తెలుగు మాస్టారు. సభ్యులు పదకొండు మంది, కంప్యూటర్లు రెండు, ప్రింటరు ఒకటి.

క్లబ్బు కార్యక్రమాలు చాలా గొప్పవి. మంగళవారం ఈమెయిలు క్లాసు. అందరూ ఒకే గదిలో కూర్చుని ఒకరికొకరు ఈమెయిళ్లు పంపుకుని, "వచ్చిందాండీ?" "ఇంకా రాలేదండీ" అని కేకలేసుకుంటారు. గురువారం పాస్‌వర్డుల క్లాసు. ఎవరి పాస్‌వర్డు వాళ్లు బోర్డు మీద రాయాలి, మర్చిపోతే పక్కవాళ్లు గుర్తుచేయడానికి. ఇంతకంటే భద్రత ఏ బ్యాంకులో ఉందో చెప్పండి!

అయితే ఇదంతా ప్రింటరు రాకముందు కథ. ప్రింటరు వచ్చాక క్లాసులన్నీ కలిసి ఒకే క్లాసయ్యాయి. దాని పేరు ప్రింటరు సంరక్షణ.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఇంక్‌జెట్ ప్రింటరుకు ఒక తల ఉంటుంది. ఆ తలకు వెంట్రుక కన్నా సన్నటి రంధ్రాలుంటాయి. రంగు సిరా వాటిలోంచే కాగితం మీద పడాలి. నాలుగు రోజులు వాడకుండా వదిలేస్తే ఆ సిరా గడ్డకట్టి తల ఎండిపోతుందని మా క్లబ్బు నమ్మకం. అందుకని మూడురోజులకోసారి ఎవరో ఒకరు వచ్చి, నాలుగు రంగుల్లో ఒక పేజీ కొట్టి, గీతలన్నీ వచ్చాయో లేదో చూసి, సంతకం పెట్టి వెళ్లాలి. దీనికి వంతులున్నాయి, అందులో సగం కార్యదర్శివే. గోడ మీద వంతుల పట్టిక ఉంది. మా క్లబ్బులో ఒకరికొకరు ఎదురైతే "బాగున్నారా" అనరు. "ఇవాళ వంతు ఎవరిది?" అంటారు.

వంతు తప్పితే ఏమవుతుంది? అబ్బాయిరాజు గారిని అడగండి. పాపం, ఆయన తన వంతు మర్చిపోయి చుట్టాల పెళ్లికి ఏలూరు వెళ్లి, అక్కడే పదిరోజులు ఉండిపోయారు. తిరిగొచ్చేసరికి నీలం ఎండిపోయింది. ఆ నెలలో ఎవరో కొల్లేరు ఫోటో ప్రింటు తీస్తే నీళ్లు టమాటా పప్పులా వచ్చాయి. అందులో గూడబాతులు మునక్కాయ ముక్కల్లా తేలాయి. నాటినుంచి ఆయన్ని ఊళ్లో "నీలం ఎండబెట్టిన అబ్బాయిరాజు" అంటున్నారు. వంశం పేరు కంటే గట్టిగా అంటుకుంది.

ఇప్పుడు ఇందులో నాబోటి కొత్త పెళ్లికూతురికి కలిగిన మేలు ఏమిటంటారా? చెబుతాను.

మొదటిది, సమయపాలన. మా గోదావరి జిల్లాల్లో పెళ్లయ్యాక అల్లుడు అత్తారింట్లో మూడు నిద్రలు చేయాలి. మామూలు మగవాళ్లు ఆ మూడు నిద్రల్లో బద్ధకం నేర్చుకుంటారు. మా ఆయన రెండు నిద్రలకే లేచి కూర్చున్నారు. ఎందుకంటే మూడోరోజు ఆయన వంతు! మా అమ్మ పూతరేకులు పట్టుకుని గుమ్మంలో నిలబడే ఉంది, ఈయన బస్సెక్కేశారు. ఇంతటి క్రమశిక్షణ ఎవరికుంటుంది? ఆ మూడో నిద్ర అలాగే మిగిలిపోయింది. ఆ గది మంచం మీద దుప్పటి కూడా తీయకుండా ఉంచానని అమ్మ ఫోనులో ఇప్పటికీ అంటూ ఉంటుంది.

రెండోది, జ్ఞాపకాలు. మా పెళ్లి ఆల్బం ఇంకా రాలేదు. వస్తే మాత్రం ఏముంటుంది? ఇద్దరం బొమ్మల్లా బిగుసుకుని నిలబడి ఉంటాం. ప్రింటరు ఆల్బం అలా కాదు. మా ఆయన వంతు వచ్చినప్పుడల్లా కొట్టిన గీతల పేజీని తేదీ వేసి ఫైలులో దాచాను. ఫలానా రోజు పసుపు గీత తెగింది, ఫలానా రోజు ఎరుపు చిక్కగా వచ్చింది. ఇలాంటి వివరాలు ఏ పెళ్లి ఆల్బంలో దొరుకుతాయి?

ఇక్కడ ఒక మాట నిజంగా చెప్పాలి. పేజీ బయటికి రాగానే దాన్ని కిటికీ దగ్గర వెలుగుకి ఎత్తి పట్టుకుని ఇద్దరం తలలు ఆనించి చూస్తాం. "ఇందూ, ఆ మూడో గీత చూడు, ఉందా?" అంటారు ఆయన. "ఉందండీ" అంటాను. గీతను ఎవరు చూశారు! ఆయన జేబులోంచి ఉల్లిపాయల వాసన, వేలి మీద నీలం మచ్చ, కిటికీలోంచి సాయంత్రపు గాలి. నాకు ఆ అరనిమిషం చాలు. ఆ అరనిమిషం కోసమే గంటన్నర ప్రింటరు పక్కన కూర్చుంటాను.

మూడోది, అద్భుతాలు. కింద ఉల్లిపాయల కొట్టు కాబట్టి పైన గదినిండా ఉల్లిపొట్టు ఎగురుతూ ఉంటుంది. ఒకరోజు ప్రింటరు కాగితానికి బదులు ఒక ఉల్లిపొరను లోపలికి లాక్కుంది. టకటకలాడింది. మూలిగింది. చివరికి ఆ ఉల్లిపొర మీద నాలుగు రంగుల గీతలు కొట్టి బయటికి వదిలింది! అచ్యుతరావు గారు దాన్ని రెండు చేతులతో అందుకుని, "కాగితం మీద కంటే స్పష్టంగా ఉంది" అన్నారు. అది ఇప్పుడు ఫ్రేములో ఉంది.

ఇక అచ్యుతరావు గారి భాషాసేవ గురించి చెప్పకపోతే పాపం తగులుతుంది. ప్రింటరు మెనూలో ఇంగ్లీషు ముక్కలు సభ్యులకు అర్థం కావడం లేదని ఆయన అన్నింటినీ తెలుగు చేసి గోడకు అంటించారు. పేపర్ జామ్ అంటే అజీర్తి. ఇంక్ లో అంటే నీరసం. స్టాండ్‌బై అంటే కునుకు. హెడ్ క్లీనింగ్ అంటే తలంటు. డీప్ క్లీనింగ్ అంటే నలుగు పెట్టి తలంటు. కింద ఒక గమనిక కూడా ఉంది: "తలంటు నెలకు రెండుమార్లు మించరాదు. మించినచో నీరసము కలుగును."

నెలరోజుల్లో ఆ మాటలు అందరికీ అలవాటైపోయాయి. మా ఆయన భోజనం మధ్యలో ఫోనెత్తి, "అజీర్తి తగ్గిందాండీ? కునుకు తీస్తోందా?" అని అడిగితే మా అత్తగారు ఎవరింట్లోనో చంటిపిల్ల ఉందనుకుని జీలకర్ర నీళ్లు చెప్పేవారు.

దీపావళి దగ్గరపడింది. అచ్యుతరావు గారు సభ పెట్టి, "నరకచతుర్దశి నాడు లోకమంతా తలంటు పోసుకుంటుంది. మన ప్రింటరు ఏం పాపం చేసింది?" అని అడిగారు. ఏ పాపమూ చేయలేదని సభ ఏకగ్రీవంగా తీర్మానించింది. చతుర్దశి తెల్లవారుజామున తలంటు. వంతు దుర్గేష్‌ది. చప్పట్లు!

సరిగ్గా మర్నాడే మా అమ్మ ఫోను చేసింది. అల్లుడుగారికి స్వయంగా చెప్పాలని స్పీకరు పెట్టమంది.

"బాబూ, చతుర్దశికి మీరిద్దరూ రావాలండీ. మొదటి పండగ. పీటకి వార్నిష్ కూడా వేయించాను. తలంటు పోసి, కొత్త బట్టలు పెట్టి, ఆ మిగిలిన నిద్ర కూడా అయిందనిపిస్తాను."

"అయ్యో అత్తయ్యగారూ, చతుర్దశికి ఇక్కడే తలంటు ఉందండీ" అన్నారు మా ఆయన ఎంతో మర్యాదగా.



"ఇక్కడే అంటే?"

"మా మేడమీదేనండీ. నిన్ననే అందరం అనుకున్నాం. విజయదుర్గ గారికి అప్పగిద్దామంటే, ఆవిడ పోయినసారి పోసినప్పుడు సగం కారింది, సగం కారలేదు. ఆవిడ చేతిలో పెడితే తల పాడైపోతుందేమోనని నా భయం. అందుకని నేను ఉండి తీరాలి."

"విజయదుర్గ ఎవరండీ?"

"మా సభ్యురాలండీ. పాపం ఇష్టంగానే చేస్తుంది."

ఫోను పెట్టేసిన చప్పుడు వినపడింది. "అత్తయ్యగారికి సిగ్నల్ లేనట్టుంది" అన్నారు ఈయన. నేను పక్కనే ఉన్నాను. అసలు సంగతి వెంటనే ఫోను చేసి చెప్పవచ్చు. కానీ పెద్దవాళ్లు ఆలోచించుకుంటున్నప్పుడు మధ్యలో అడ్డురావడం మర్యాద కాదని మా అమ్మే నాకు నేర్పింది.

మర్నాడు పదకొండుకల్లా మా అమ్మ భీమవరంలో బస్సు మారి తాడేపల్లిగూడెంలో దిగింది. చేతిలో సంచి. సంచిలో నువ్వులనూనె సీసా, సున్నిపిండి, కుంకుడురసం సీసా, ఇత్తడి చెంబు. కొట్టు ముందు లారీ సరుకు దింపుకుంటున్న అల్లుడివైపు కూడా చూడకుండా తిన్నగా మేడ మెట్లెక్కింది. నేను వెనకాలే పరుగెత్తాను.

గదిలో అచ్యుతరావు గారు, విజయదుర్గ గారు ఉన్నారు. ఆవిడకు అరవై మూడేళ్లు, టైలరింగు చేస్తారు, ముక్కు మీద లావుపాటి కళ్లద్దాలు. ఆవేళ వంతు ఆవిడది. పసుపు గీత రాక, మూత ఎత్తి దిగులుగా కూర్చున్నారు.

"తలంటు పోసేది ఇక్కడేనాండీ?" అంది అమ్మ గుమ్మంలోంచి.

"ఇక్కడేనమ్మా, రండి రండి" అన్నారు మాస్టారు. "చూడటానికి వచ్చారా? చాలా సంతోషం."

"విజయదుర్గ అంటే..."

"నేనేనండీ" అన్నారు ఆవిడ నీరసంగా. "ఇందాకే పోశానండీ. అయినా పసుపు కారలేదు."

అమ్మ కోపం ఆ కళ్లద్దాలు చూడగానే సగం దిగింది. మిగతా సగం చోట వృత్తి గౌరవం వచ్చి కూర్చుంది. "పసుపు కారడమేంటండీ? నలుగు సరిగ్గా పెట్టి ఉండరు. నూనె ఏం వాడతారు?"

"నూనా? నూనె వేయమండీ."

"నూనె లేకుండా తలంటా!"

ఆ మాటకు అచ్యుతరావు గారు కుర్చీలోంచి లేచారు. ముప్పై నాలుగేళ్లు తెలుగు చెప్పిన మనిషి. కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నారు. గోడమీద తను రాసిన కాగితాన్ని చాలాసేపు చూశారు.

"అమ్మా, మీరన్నది అక్షరాలా నిజం" అన్నారు. "అంటడం అంటే నూనె పట్టించడం. తలకు నూనె పట్టిస్తేనే తలంటు. నూనె లేకుండా తలంటు అని రాయడం శుద్ధ భాషాదోషం. ఇన్ని నెలలుగా ఈ తప్పు నా కంట పడలేదు!"

"ఇంతకీ ఎవరి తలండీ?" అంది అమ్మ.

విజయదుర్గ గారు ప్రింటరు లోపలికి వేలు చూపించారు.

అమ్మ వంగి చూసింది. నల్లటి చిన్న డబ్బా, దానికింద వెండిరేకు. "ఇదా తల?" అంది. ఇంకోసారి చూసింది. తన అల్లుడి తల క్షేమంగా ఉందని, దాని మీద ఇంకెవరి చెయ్యీ పడలేదని అర్థమయ్యేసరికి ఆవిడ మొహం మతాబాలా వెలిగింది. ఆ సంతోషంలో మనిషికి ఎవరికైనా మేలు చేయాలనిపిస్తుంది. ఎదురుగా ప్రింటరే ఉంది.

"పాపం, ఎండిపోయి ఉంది. ఇంత చిన్న తలకి చెంచాడు నూనె చాలండీ" అంది.

ఎవరో ఒక చెంచా అందించారు.

ఆ తలంటు ఎంత శాస్త్రోక్తంగా జరిగిందో చెప్పడానికి మాటలు చాలవు. నువ్వులనూనె వెచ్చచేయలేదనే లోటు తప్ప ఏ లోటూ లేదు. మాడు మీద మూడు చుక్కలు పెట్టి, చిరంజీవ అని, మెత్తగా పట్టించింది. సున్నిపిండితో నలుగు పెట్టింది. కుంకుడురసం చుక్కలు చుక్కలుగా వదిలింది. ప్లగ్గు తీసి పెట్టాలన్న జాగ్రత్త కూడా ఎవరో తీసుకున్నారు. విజయదుర్గ గారు చీర కొంగుతో తుడిచారు. మాస్టారు గోడమీది కాగితంలో "తలంటు" పక్కన "నూనెతో" అని దిద్దారు.

మా ఆయన పైకొచ్చి ప్లగ్గు పెట్టి బటన్ నొక్కారు. ప్రింటరు ఒక్కసారి మూలిగింది. అన్ని లైట్లూ ఒకేసారి వెలిగాయి. అన్నీ ఒకేసారి ఆరిపోయాయి. మళ్లీ నొక్కారు. ఊహూఁ.

"పోయింది" అన్నారు, దాని మూత మీద చెయ్యి వేసి.

"పోవడమేంటి బాబూ, శుభమా అంటూ!" అంది అమ్మ. "తలంటు పోసుకున్నాక ఎవరికైనా నిద్ర పడుతుంది. మూడురోజులు దాన్ని లేపకండి. పదండి, బస్సుకి టైమవుతోంది."

కార్యదర్శి తలతిప్పి అధ్యక్షులవైపు చూశారు. వంతుల పట్టికలో నిద్రపోయే ప్రింటరుకు వంతు అనే మాట ఎక్కడా లేదు. మాస్టారు తలూపారు.

కాబట్టి పాఠకులారా, మా అమ్మ దిగులు ఎంత అర్థం లేనిదో చూశారా? ప్రింటరు వల్ల అల్లుడు రాడేమో అంది. ప్రింటరు వల్లే వచ్చాడు! చతుర్దశి తెల్లవారుజామున కలిదిండిలో వార్నిష్ పీట మీద కూర్చుని, కుంకుడు నురగలో కళ్లు మూసుకుని, "అత్తయ్యగారూ, అన్ని రంధ్రాలూ తెరుచుకుంటున్నాయండీ" అన్నారు. మా అమ్మ ఇంతకంటే గొప్ప మెచ్చుకోలు ఏ అల్లుడి నోటా విని ఉండదు. ఆ రాకలో ఆయన నాలుగు నిద్రలు చేశారు. దుప్పటి మార్చాల్సి వచ్చింది.

తిరిగొచ్చేసరికి ప్రింటరు ఇంకా నిద్రపోతూనే ఉంది. క్లబ్బు ఒక విచారణ సంఘం వేసింది. దానికి అధ్యక్షులు నీలం ఎండబెట్టిన అబ్బాయిరాజు గారు. పాత మచ్చ తుడుచుకునే అవకాశం దొరికింది కదా, ఆయన భూతద్దం పట్టుకుని మరీ వెతికారు. ప్రింటరు వెనకాల ఒక స్టీలు చెంచా దొరికింది. దాని కాడ మీద "ఇందుజ, దుర్గేష్" అని చెక్కి ఉంది. అది మా పెళ్లికి వచ్చిన డజనులో ఒకటి. బీయస్సీ కంప్యూటర్స్ చదివిన వ్యక్తి గుమ్మంలో నిలబడి ఉండగా ఈ పని ఎలా జరిగిందో రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వమని నన్ను కోరారు.

ఈ వ్యాసమే ఆ సంజాయిషీ. నాకు ప్రింటరంటే ఎంత గౌరవమో పైన వివరంగా రాశాను. అలాంటిదాన్ని నేను ఆపకుండా ఉంటానా? ఆపుదామనే నోరు తెరిచాను. తీరా చూస్తే నా నోట్లోంచి "అమ్మా, చెంచా కావాలా?" అని వచ్చింది. మాట తడబడటం మానవ సహజం. ప్లగ్గు కూడా నేనే తీశాను. ప్రింటరు పోతే పోయింది, మా అమ్మకు షాకు కొట్టకూడదు కదా!

ఈ సంజాయిషీని నియమం ప్రకారం క్లబ్బు ప్రింటరు మీదే ప్రింటు తీసి ఇవ్వాలట. అది లేవగానే ఇస్తాను.

నిన్నటికి మేం కలిదిండి నుంచి వచ్చి మూడోరోజు. సాయంత్రం అయిదున్నర. మా ఆయన అలవాటు కొద్దీ లేచి, చొక్కా వేసుకుని, చేతిలో తెల్లకాగితం పట్టుకుని గుమ్మందాకా వెళ్లి ఆగిపోయారు. మెట్లవైపు చూశారు. ఏం చేయాలో తోచక నావైపు తిరిగారు.

"ఇందూ, ఇవాళ వంతు ఎవరిది?"

"నాదేనండీ" అన్నాను.